కాంక్రీటు స్నానపు తొట్టి: రంగులతో పాటు బరువు సంగతీ రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

స్నానపు తొట్టిని దుకాణంలో కొనే బదులు తాపీమేస్త్రీ చేత ఇంట్లోనే కాంక్రీటుతో కట్టించుకోవచ్చునంటూ మీ పత్రిక ఆదివారం ఇంటి పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఆ ఆలోచనతో నాకు పేచీ లేదు, పైగా సంతోషమే. గది కొలతకూ మనిషి ఒడ్డూ పొడుగుకూ తగినట్టు తొట్టిని కట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం ఒక అంచును వెడల్పుగా పోయించి, దాని మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకునే వీలు కల్పించవచ్చు. పైపూత పెచ్చు ఊడినా ఊళ్లో మేస్త్రీయే బాగుచేస్తాడు. అయితే ఆ వ్యాసంలో రంగులకూ ఆకారాలకూ దక్కిన చోటులో పదో వంతు కూడా తొట్టి బరువుకు గానీ, పోసిన కాంక్రీటును తడి ఆరకుండా కాపాడవలసిన రోజులకు గానీ దక్కలేదు. ఉద్యోగకాలమంతా నీటి ట్యాంకుల నిర్మాణంలో గడిపిన ఇంజనీరుగా నేను చెప్పదలచినది ఒక్కటే. స్నానపు తొట్టి అంటే మనిషి దిగే నీటి ట్యాంకు. ట్యాంకు కట్టేటప్పుడు పాటించే కట్టుబాట్లన్నీ దీనికీ పాటించాలి.

తొట్టికీ కాంక్రీటుకూ చుట్టరికం పాతదే. ఇనుము వేసిన కాంక్రీటుకు తొలినాళ్ల పేటెంట్లలో ఒకటి 1867లో ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలికి దక్కింది, అదీ మొక్కల తొట్ల కోసమే. అంతకు ముందే, 1848లో, జోసెఫ్ లూయీ లాంబో అనే మరో ఫ్రెంచివాడు ఇనుప తీగల అల్లిక మీద సిమెంటు మెత్తి పడవ చేశాడు. మన ఊళ్లలో రోడ్డు పక్కన బావి వరలు పోసే వాళ్లది కూడా ఈ విద్యే. ఆ వరల్లో ఒకదానికి అడుగు పోయించుకుని ఇంటి వెనుక నీళ్ల తొట్టిగా వాడుకోవడం పల్లెల్లో ఈనాటికీ చూస్తాం. కాబట్టి పనితనం మనకు కొత్త కాదు. పెరట్లో నేల మీద కూర్చునే తొట్టిని ఇంటి లోపలికి, అందులోనూ మేడ మీదికి తీసుకుపోవడమే కొత్త. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

లెక్క వేసి చూద్దాం. బయటి కొలత 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, లోపల ఒకటిన్నర అడుగుల లోతు, 3 అంగుళాల గోడలు, 4 అంగుళాల మందపు అడుగుభాగం ఉన్న చిన్న తొట్టినే తీసుకుందాం. దానికి సుమారు తొమ్మిదిన్నర ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. కడ్డీలతో కూడిన కాంక్రీటు ఘనమీటరుకు 2500 కిలోలు తూగుతుంది గనుక ఖాళీ తొట్టే 650 కిలోలు దాటుతుంది. అడుగు లోతున నీళ్లు పోస్తే మరో 250 కిలోలు. మనిషి కూడా దిగితే మొత్తం టన్నుకు దగ్గర పడుతుంది. ఇదంతా పన్నెండున్నర చదరపు అడుగుల చోటు మీద, అంటే చదరపు అడుగుకు 70 కిలోలకు పైగా, ఏళ్ల తరబడి కదలకుండా నిలిచి ఉంటుంది. నివాస గృహాల్లో గదులకూ స్నానాల గదులకూ మనుషులు, సామాన్ల బరువు కింద భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకోమనేది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే చదరపు అడుగుకు 20 కిలోల లోపే. తొట్టి అందుకు మూడున్నర రెట్లకు పైగా బరువు మోపుతోంది. పైగా మన స్నానాల గదుల్లో చాలావాటి స్లాబును కిందికి దింపి పోస్తారు, పైపులు పరచిన తరువాత ఆ గుంటను ఇటుక ముక్కలతోనో సిండరుతోనో (కాలిన బొగ్గు గడ్డలతోనో) నింపుతారు. తొట్టి ఆ నింపుడు బరువుకు అదనం.

స్లాబు రేపే కూలుతుందని నేను అనడం లేదు. డిజైనులో కొంత భద్రతా మిగులు ఉంటుంది, తొట్టి గదిలో ఒక మూలకే, దూలానికి దగ్గరగా ఉంటే స్లాబు తట్టుకోనూవచ్చు. అయితే ఆ మిగులు ఉన్నది పనిలో జరిగే లోటుపాట్ల కోసం, తుప్పు కోసం, అనుకోని భారం కోసం. దాన్ని తొట్టికి ఖర్చు పెట్టేస్తే తక్కినవాటికి ఏమీ మిగలదు. దూలాలు ఎక్కడున్నాయో, కడ్డీ ఎంత వేశారో చూడకుండా ఇంజనీరైనా సరే ‘ఏం ఫరవాలేదు’ అనకూడదు. నేల మీది గదిలో కట్టుకునే వాళ్లకు ఈ బెంగ లేదు. నేలను దిమ్మిసతో గట్టిగా కొట్టి, 4 అంగుళాల కంకర సిమెంటు పరుపు వేసి దాని మీద కట్టుకుంటే చాలు. మేడ మీద కావాలనుకునే వాళ్లు, అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు ముందు ఇంటి నక్షాతో ఇంజనీరు దగ్గరికి వెళ్లాలి, ఆ తరువాతే మేస్త్రీకి బయానా ఇవ్వాలి.

తేలికగా కట్టే దారి లేకపోలేదు. కోళ్ల జాలీని రెండు మూడు పొరలుగా సన్న కడ్డీల చట్రానికి బైండింగు వైరుతో బిగించి, ఒకటికి రెండు పాళ్ల సిమెంటు ఇసుక మాలును ఇరువైపుల నుంచి కూరి, అంగుళం పావు మందాన గోడ తెచ్చే పద్ధతిని ఫెర్రోసిమెంటు అంటారు. లాంబో పడవ చేసిన పద్ధతి ఇదే. ఇదే కొలత తొట్టి ఇలా కడితే 220 నుంచి 250 కిలోలతో తేలుతుంది. వ్యాసకర్త దీన్ని ప్రస్తావించి ఉంటే బాగుండేది. అయితే నీళ్ల బరువు ఎక్కడికీ పోదు గనుక, ఇలా కట్టినా మేడ మీద చదరపు అడుగుకు 40 కిలోలు దాటుతుంది, ఇంజనీరును అడగక తప్పదు. ఫెర్రోసిమెంటుకు ఓపిక గల చెయ్యి కావాలి. జాలీ వెనుక మాలు చేరని చోట బోలు మిగిలిందంటే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక పోత సంగతి. పై కొలతల తొట్టికి ఒకటికి ఒకటి, రెండు పాళ్లలో సిమెంటు, ఇసుక, 12 మిల్లీమీటర్ల లోపు సన్న రాతి చిప్స్ కలిపితే మూడు బస్తాల సిమెంటు సరిపోతుంది. 20 మిల్లీమీటర్ల కంకర మూడంగుళాల గోడలో కడ్డీ పక్కన ఇరుక్కుని కింద గూళ్లు మిగులుస్తుంది, వాడకూడదు. 8 మిల్లీమీటర్ల కడ్డీని ఆరంగుళాలకు ఒకటి చొప్పున గడులుగా కట్టి, గోడ మందంలో సరిగ్గా మధ్యన నిలిపితే ఇరువైపులా అంగుళానికి పైగా కాంక్రీటు దాన్ని కప్పి ఉంటుంది. నీళ్ల కొలత అన్నిటికంటే ముఖ్యం. బస్తాకు 22, 23 లీటర్లు మించకూడదు. ఇసుకలో చెమ్మ ఉంటే ఇంకా తగ్గించాలి. మాలు జారుగా ఉంటే పోత పోసే చెక్కపెట్టెలోకి సులువుగా దిగుతుందని కూలీలు మరో బక్కెట్టు పోస్తామంటారు. ఆ అదనపు నీరు ఆవిరై పోయిన దారులే తరువాత తొట్టి నీళ్లు చెమర్చే దారులు. పలచన కావాలంటే నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే ప్లాస్టిసైజరు కలుపుకోవాలి, అది ఇప్పుడు చిన్న ఊళ్ల హార్డువేరు దుకాణాల్లో కూడా దొరుకుతోంది.

అడుగూ గోడలూ ఒకే పోతలో రావాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మేడ మీద కట్టిన ఒక తొట్టి కారుతోందని పిలిస్తే వెళ్లి చూశాను. కింది గది పైకప్పుకు గోధుమ రంగు వలయం, దాని అంచున గోటితో గీరితే పొడిగా రాలే తెల్లటి ఉప్పు. పైకి వెళ్లి తొట్టి ఖాళీ చేయించి గుడ్డతో తుడిపించాను. గోడలన్నీ ఆరిపోయాయి గానీ అడుగూ గోడా కలిసే చోట చుట్టూతా ఒక్క గీత మాత్రం చాలాసేపు నల్లగా తడిగానే ఉండిపోయింది. వెంట్రుక మందం కూడా లేదు. మొదటి రోజు అడుగు పోసి, మర్నాడు దాని మీద గోడలు లేపారని ఇంటివారు చెప్పారు. గట్టిపడిన కాంక్రీటు మీద కొత్త కాంక్రీటు ఆనుతుందే తప్ప ఒకటిగా కలిసిపోదు. పైన ఎంత ఖరీదైన టైలు అతికించినా ఆ గీత అలాగే ఉంటుంది. లోపలి చెక్కపెట్టెను పైనుంచి వేలాడదీసినట్టు బిగించి, ముందు అడుగు నింపి, అది బిరుసెక్కక ముందే గోడలలోకి మాలు దించుతూ సన్న కడ్డీతో కూరుతూ పోతే ఈ అతుకు రాదు. వీలుకాకపోతే కనీసం గోడను మూడు నాలుగు అంగుళాలు అడుగుతో కలిపి పోసి, అతుకులో నీటికి ఉబ్బే పట్టీ పెట్టాలి. పెద్ద ట్యాంకులకు మేము చేసేది అదే.

క్యూరింగు, అంటే పోసిన కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం గురించి వ్యాసంలో ‘రెండు మూడు రోజులు తడిపితే చాలు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. సంపాదకులవారూ, ఆ వాక్యాన్ని దయచేసి సవరించండి. కాంక్రీటు పనులకు సంబంధించిన ఐఎస్ 456 ప్రమాణం మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకే కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు తగ్గకూడదంటుంది. ఈనాడు బజారులో ఎక్కువగా దొరికే పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజోలానా) వంటి మిశ్రమ సిమెంట్లకు 14 రోజులు తడిగా ఉంచమని సిఫారసు చేస్తుంది. పీపీసీలో కలిపే బూడిద నెమ్మదిగా పనిచేస్తుంది, సిమెంటు గట్టిపడేటప్పుడు వెలువడే సున్నంతో కలిసి సందులను పూడుస్తుంది, ఆ పని జరగాలంటే తడి ఉండాలి. నీళ్లు నిలబెట్టే కట్టడానికి కావలసిన గుణం సరిగ్గా ఇదే. మూడో రోజుకు ఎండబెట్టేస్తే గట్టితనం కొంత వచ్చినా, నీరు చొరకుండా ఆపే గుణం రాదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కట్టేవాళ్లు ఎండ పడే కిటికీకి పరదా కట్టాలి. తొట్టికి ఒక సౌకర్యం ఉంది. లోపలి పెట్టె ఊడదీసిన ఒకటి రెండు రోజులకు దాన్నే నీటితో నింపి ఉంచి, బయటి వైపు గోనె సంచులు చుట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తడిపితే అంతకు మించిన క్యూరింగు లేదు. వరలు పోసేవాళ్లలో పని తెలిసినవాళ్లు సరుకును వెంటనే అమ్మకుండా నీళ్లు కొడుతూ ఉంచేది ఇందుకే.

నీళ్లు పోయే దారి తొట్టి పోయక ముందే తేలాలి. తొట్టి అడుగుభాగానికి ప్రతి అడుగు పొడవుకూ పావు అంగుళం చొప్పున వాలు ఇస్తేనే చివరి నీళ్లు నిలవకుండా పోతాయి. బయటికి పోయే గొట్టానికీ, మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచి ఉండే వంపు గొట్టానికీ (ట్రాపు) చోటు మిగిలేటట్టు తొట్టిని దిమ్మె మీద ఎత్తులో కూర్చోబెట్టి, పక్కన చెయ్యి పట్టేంత తలుపు ఉంచాలి. వెంట్రుకలు, సబ్బు ముద్ద ఇరుక్కున్న రోజున తొట్టి పగలగొట్టకుండా శుభ్రం చేసుకోవడానికి అదొక్కటే దారి.

లోపలి పూతకు మన దగ్గర మంచి పనివాళ్లున్నారు. మూలలను గుండ్రంగా తిప్పి, పాలిమరు కలిసిన వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూతను ఒకదానికొకటి అడ్డంగా రెండు పొరలు వేసి, దాని మీద మొజాయిక్ చిప్స్ వేసి రాళ్లతో సానపట్టిస్తే టైలు అతుకుల బెడద ఉండదు. పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడు గచ్చు చూసినవాళ్లకు ఆ నునుపు తెలిసే ఉంటుంది. తొట్టి అడుగును మాత్రం అంత నునుపు చేయించకండి, సబ్బు నీళ్లలో కాలు జారుతుంది. ఒక్క జాగ్రత్త తప్పదు. మన ఇళ్లలో బోరు నీటి తెల్లచారలు పోగొట్టడానికి స్నానాల గదిలో యాసిడ్ పోసి కడగడం అలవాటు. యాసిడ్ సిమెంటును కరిగించేస్తుంది. నురగ వచ్చిన ప్రతిసారీ పోతున్నది మురికి ఒక్కటే కాదు, తొట్టి కూడా. వాడిన ప్రతిసారీ నీళ్లు ఒంపేసి పొడిగుడ్డతో తుడిస్తే చారలే పడవు.

వేడినీళ్ల విషయం ప్రాణాలకు సంబంధించినది గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మన ఇళ్లలో ఉండే 25 లీటర్ల గీజరు నీళ్లను 65 డిగ్రీల దాకా కాచినా, చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా చేస్తే 80 లీటర్లకు మించవు. 250 లీటర్ల తొట్టిలో అది మూడో వంతు కూడా కాదు. దానికి తోడు చల్లగా ఉన్న కాంక్రీటు వెచ్చదనాన్ని లాగేసుకుంటుంది. 650 కిలోల తొట్టిని పూర్తిగా 15 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు రెండున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. నీళ్లు చాలినంత వెచ్చగా లేవని అప్పుడు ఎవరో ఒకరు బక్కెట్టులో వాడే హీటరు రాడ్డును తొట్టిలోకి దించుతారు. కాంక్రీటు తడిస్తే విద్యుత్తును పారనిస్తుంది, లోపల కడ్డీల గూడు ఉండనే ఉంది. బక్కెట్టులో రాడ్డు ఉండగా వేలు పెట్టి చూసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మీ పత్రికలోనే చదువుతుంటాము. తొట్టిలో వేలు కాదు, మనిషి మొత్తం ఉంటాడు. హీటరు రాడ్డును తొట్టి ఉన్న గదిలోకే రానివ్వకూడదు. స్విచ్చులు, ప్లగ్గులు తొట్టి నుంచి చెయ్యి చాచినా అందని దూరాన ఉండాలి, ఆ గది లైనుకు కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. వెచ్చటి నీళ్లే కావాలనుకుంటే మేడ మీద సోలార్ హీటరు ఉన్న ఇంటికే తొట్టి తగును.

పనివాళ్ల మాట కూడా వ్యాసంలో ఉండవలసింది. ‘ఇంటిల్లిపాదీ సరదాగా చేతులతో మెత్తవచ్చు’ అని అందులో రాశారు. తడి సిమెంటు ఘాటైన క్షారం. అరగంట తరువాత కూడా నొప్పి తెలియకుండా చర్మాన్ని తింటూనే ఉంటుంది, అందులోని క్రోమియం వల్ల కొందరికి జీవితాంతం వదలని దురద పుండ్లు వస్తాయి. తాపీపని చేసేవాళ్ల వేళ్ల సందుల్లో పగుళ్లను దగ్గరగా చూసినవారెవరూ దాన్ని సరదా అనరు. రబ్బరు తొడుగులు, బూట్లు ఇచ్చే బాధ్యత పని చేయించుకునే యజమానిది. మొజాయిక్‌ను పొడిగా సానపడితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లు పారిస్తూనే సానపట్టించాలి, మాస్కు ఇవ్వాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో తొట్టిలో నీళ్లు నిలవ ఉంచనే కూడదు. నాలుగు అంగుళాల నీళ్లు చాలు, తడబడుతూ నడిచే బిడ్డ ప్రాణం పోవడానికి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో తొట్టిని నిలవ నీళ్లకు వాడుకోవాలని ఎవరికైనా తోస్తుంది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ సరిగ్గా ఇలాంటి మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఇక నీటి ఖర్చు అంటారా, నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కగట్టి సరఫరా ప్రణాళికలు వేస్తారు. ఒక తొట్టి స్నానం దాదాపు ఇద్దరి రోజువారీ నీళ్లను మింగేస్తుంది. రోజూ తొట్టి స్నానం మన నీళ్ల పరిస్థితికి తగదనే నా అభిప్రాయం. వెన్నునొప్పికో కీళ్ల నొప్పులకో డాక్టరు చెబితే, ఆ వాడిన నీళ్లు మొక్కలకు పోయేటట్టు గొట్టం పెట్టుకుంటే, అప్పుడు అభ్యంతరం లేదు.

సంపాదకులవారికి నా విన్నపం ఇది. ఇంటి పేజీలో ఇటువంటి కట్టుడు పనుల గురించి ప్రచురించేటప్పుడు, ఆ పని ఏ అంతస్తులో చేయవచ్చో, ఎంత బరువు పడుతుందో తెలిపే నాలుగు వాక్యాలు ఇంజనీరు చేత రాయించి చేర్చండి. ఆ వ్యాసం చదివి ఇప్పటికే పని మొదలుపెట్టినవాళ్లు ఉండవచ్చు గనుక క్యూరింగు వాక్యానికి సవరణను వచ్చే ఆదివారమే వేయండి. టైలు వేయించబోతున్నవాళ్లు తొందరపడవద్దని కూడా అందులో చేర్చండి. క్యూరింగు అయ్యాక తొట్టిని అంచు దాకా నింపి, వారం రోజులు నీళ్లు పీల్చుకోనిచ్చి, మళ్లీ నింపి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి, పైన పాలిథీన్ కప్పి మరో వారం చూడాలి. మట్టం గీత దగ్గరే నిలిచి, కింది వైపు ఎక్కడా చెమ్మ కనిపించకపోతే అప్పుడు మొజాయిక్ వాళ్లను పిలవవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
రాజమహేంద్రవరం